పునర్నిర్మిత ట్యూబుల గుణపరీక్ష

గాజు బుడ్డిలోని శూన్యమున ఎలెక్ట్రాన్ల ధారను నడిపి, దానిచే ఫాస్ఫరు పూతను వెలిగించు కాథోడ్ కిరణపు ట్యూబును 1897లో స్ట్రాస్‌బర్గునందు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించెను. ప్రయోగశాల బల్లపై ఒకరిద్దరు చూచుటకు ఆ వెలుగు చాలును. దానినే గోడంత తెరపైకి పంపవలెనను కోరిక పుట్టిన నాటినుండి ట్యూబునకు కష్టకాలము ప్రారంభమైనది. 1939 ఫిబ్రవరి 23న లండనులో బూన్, డానహర్ అను వారి ముష్టియుద్ధమును బేర్డు సంస్థవారు సినిమాశాల తెరపై అప్పటికప్పుడు ప్రేక్షకులకు చూపిరి. జనము విస్తుపోయి చూచినది తెరను. శ్రమ యంతయు వెనుకనున్న చిన్న గాజుముఖముది.

ఇంటి టెలివిజనులో ట్యూబు తన ముఖమునే చూపును. ప్రొజెక్టరులోని ట్యూబైనచో తన ముఖముపై పుట్టిన బొమ్మను కటకములగుండ ఎన్నో రెట్లు పెంచి పంపవలెను. పరచుకొన్నకొలది వెలుగు పలుచనగును గదా! ఆ లోటు తీర్చుటకు ట్యూబును 30 వేల వోల్టులకు పైబడిన విద్యుత్తుతో నడుపుదురు. ముఖము వేడెక్కకుండ గ్లైకాలు కలిసిన ద్రవమును దాని ముందు నిలుపుదురు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులకు వేరువేరుగా మూడు ట్యూబులు గల యంత్రములు విమానచాలకుల శిక్షణశాలలలోను, నియంత్రణ కేంద్రములలోను, సంపన్నుల గృహములలోను 20వ శతాబ్ది చివరి దశకములలో వెలసినవి. బెల్జియపు బార్కో, జపానుదేశపు సోనీ, కెనడాకు చెందిన ఎలెక్ట్రోహోం వీనికి పేరుపొందినవి. వాని నల్లదనమునకు సాటి రాగలవి తరువాతి యంత్రములలో చాలకాలము కానరాలేదు. అందుచేతనే వాని ఉత్పత్తి నిలిచిన పిమ్మటను వానిని విడువనివారు మిగిలిరి.

ట్యూబు రెండు చోట్ల అరిగిపోవును. మెడలోని గన్నునందలి కాథోడు, బేరియము స్ట్రాన్షియముల పూత క్షీణించి, ఎలెక్ట్రాన్లను చాలినంతగా విడువజాలదు, ఇది ఒకటి. ముఖముమీది ఫాస్ఫరు ఎడతెగని తాడనముచే మాడి మసకబారుట రెండవది. గన్ను పాడైనచో మెడను కోసి, క్రొత్త గన్ను నమర్చి, గాజును కరగించి అతికి, కొలిమిలో గంటలకొలది కాల్చుచు పంపులతో గాలిని లాగివేసి మూసివేయుదురు. మిగిలిన వాయువును పీల్చుటకు లోపల బేరియపు గెట్టరును మండింతురు. కాని ముఖము మాడినచో ఇది చాలదు. పాత పూతను కడిగి, క్రొత్త ఫాస్ఫరును సమముగా పేర్చి, దానిపై అల్యూమినియపు పలుచని పొర వేయవలెను. ఇది అందరివలన కాగల పని కాదు.

ఇంత భేదమున్నను రెండింటికిని "పునర్నిర్మితము" అను పేరే చెల్లినది. చిక్కంతయు ఇక్కడనే పుట్టినది. అమెరికాలో టెలివిజను ట్యూబుల పునర్నిర్మాణము పెద్ద వర్తకమైన 1950, 60 దశకములలో, పాత గాజుతో చేసిన ట్యూబులని కొనువారికి తెలుపకుండ అమ్మిన వ్యాపారులపై ఫెడరల్ ట్రేడ్ కమిషను చర్య తీసికొనవలసి వచ్చినది. పాతగాజు దోషము కాదు. పగులు లేని బుడ్డి ఎన్నిమారులైనను పనికివచ్చును. దానిలో ఏది మారినదో, ఏది మారలేదో దాచుట దోషము.

మొదటిరోజు కాంతిని చూచి ట్యూబును మెచ్చుకొనరాదు. క్రొత్తగా కళాయి వేసిన గిన్నె మొదటి పూట ఎవరింటనైనను తళతళలాడును. నెలరోజులు చింతపండు పులుసు కాచినపిమ్మట గదా కళాయివాని పనితనము తెలియునది. ట్యూబునందు అట్టి మోసమునకు సులువైన దారి కలదు. కాథోడును మితిమీరి వేడిచేసి, హెచ్చు విద్యుత్తును లాగినచో దాని పైపొర కొంత రాలి, కొద్దికాలము యౌవనము వచ్చినట్లగును. ఆ సమయమున పరీక్షాయంత్రపు ముల్లు "మంచిది" అనియే చూపును.

కావున ఎరిగినవారు 6.3 వోల్టులతో నడుచు హీటరునకు నూటికి పదివంతులు తగ్గించి చూచెదరు. ఆరోగ్యము గల కాథోడు ఆ మాత్రపు తగ్గుదలను లెక్కచేయదు; చివరిదశలో నున్నది వెంటనే కుంగును. గెట్టరు మరక అద్దమువలె మెరయవలెను. పాలవలె తెల్లబడినచో గాలి చొరబడినదన్నమాట, ఇక పరీక్షతో పనిలేదు. ఆర్పియుంచిన ముఖమును పగటివెలుతురున ఏటవాలుగా చూచినచో పాత బొమ్మ హద్దులు చతురస్రపు నీడగా కనబడును. గన్ను మాత్రము మార్చిన ట్యూబును పట్టియిచ్చునది ఈ నీడయే.

తరువాత చుక్కల బొమ్మను వేసి, వెలుగును పెంచుచు చూడవలెను. మసకవెలుగులో సూదిమొనవలెనున్న చుక్క కాంతి హెచ్చగానే తోకచుక్కయైనచో, గన్ను మెడలో నిటారుగా కూర్చుండలేదని అనుమానింపవచ్చును. ఇచట ఒక మెలకువ గలదు. నీలపు ట్యూబులోని వెండి కలిసిన జింకు సల్ఫైడు, ధార హెచ్చినకొలది అదే నిష్పత్తిలో వెలుగదు. అందుచే నీలమును నిర్మాతలే కొన్ని యంత్రములలో బుద్ధిపూర్వకముగా కొంత మసకగా నుంచిరి. అది తెలియనివారు మంచి నీలపు ట్యూబును చెడ్డదని త్రోసివేసిన పక్షమున ఆశ్చర్యము లేదు.

మూడు రంగులు కలిసి తెలుపు కావలెను గనుక ఒక్క ట్యూబును విడిగా మెచ్చుకొనుట వృథా. ముదురు బూడిద రంగునుండి తెలుపు వరకు ఒక్కొక్క మెట్టు చూపగా, ఎక్కడనో గులాబి ఛాయ, ఎక్కడనో ఆకుపచ్చ ఛాయ తొంగిచూచినచో క్రొత్తగా పూసిన ఫాస్ఫరు తోడి ట్యూబులతో కుదరలేదన్నమాట. నూరు గంటలు నడిపి మరల ఇవే పరీక్షలు చేయువరకు తీర్పు చెప్పకుండుటయే ఉత్తమము.

ఈ జాగ్రత్త చాదస్తము కాదు. ప్రొజెక్టరు ట్యూబుల గాజుబుడ్డులను పోసిన కర్మాగారములు ఆ పని మానినవి. అతుకులో మెడ పగిలినను, ముఖము కడుగుటలో గీతపడినను పోయినది ఒక మరమ్మతు కాదు, లెక్కకు మిగిలిన బుడ్డులలో ఒకటి. చేతకానివాడు పాడుచేసిన దానిని చేతనైనవాడును బాగుచేయలేడు.

ఆ చేతనైనవారి కొలుములును ఒక్కొక్కటిగా చల్లారినవి. అమెరికాలో అయోవా రాష్ట్రపు డెమోయిన్ నగరమున చిరకాలము టెలివిజను ట్యూబులను పునర్నిర్మించిన హాక్‌ఐ సంస్థ 2010లో మూతపడినది. దాని పనిముట్లు ఒహాయో రాష్ట్రమున హిలియార్డులోని తొలినాటి టెలివిజను ప్రదర్శనశాలకు చేరినవి. అచటివారికి యంత్రములు లభించినవి. మెడగాజును మంటలో త్రిప్పుచు ఏ క్షణమున ఆపవలెనో చెప్పు చేతివాటము మాత్రము పెట్టెలలో వచ్చునది కాదు గనుక, దానిని మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినది.