స్ట్రెచరు తోసిన మేనేజరు

ఆ పుల్ల ఇంకొంచెం లోపలికి తోయి అబ్బీ, పొగ వస్తాంది. ఇట్లా దగ్గరికి జరగండి.

మన ఆమడగూరు పక్క పల్లెల్లో అప్పుడు గుండెజబ్బంటే ఇంక ఆ మనిషి మీద ఆశ వదులుకునేదే. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల నొప్పులు, జ్వరం. అది తగ్గినట్టే తగ్గి గుండె వాల్వును తినేస్తుంది. మీ చిన్నతాతకు అట్లే అయింది. పదడుగులు వేస్తే ఆయాసం. ఆపరేషనంటే బెంగుళూరో మదరాసో పోవాల. వాన రాని నేలలో ఏ చెనక్కాయ పంట ఇస్తుంది అన్ని దుడ్లు?

1991 నవంబరు 22న పుట్టపర్తిలో పెద్దాసుపత్రి తెరిచినారు. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు వచ్చినాడు. దుడ్లు కట్టే కౌంటరే లేదంటే మనూర్లో ఎవురూ నమ్మలే. కట్టించిన సాయిబాబాను, కోసిన డాక్టర్లను లోకమంతా తలుచుకుంటుంది. నేను సేవాదళ్ వాళ్లను తలుచుకుంటా.

తెల్ల బట్టలు, మెడలో నీలం స్కార్ఫు. యాడాడి నుంచో సొంత ఛార్జీలతో వచ్చి, వంతు పని చేసి పోతారు. ఆ ఆసుపత్రిలో మీ చిన్నతాత స్ట్రెచరు తోసినాయన గుంటూరు పక్క మనిషి, బ్యాంకు మేనేజరుగా రిటైరైనాడంట. అదీ పక్క మంచమాయన చెప్తేనే తెలిసింది. ఆపరేషనైనాక ఒక రాత్రి మీ చిన్నతాత మంచంలోనే కక్కుకున్నాడు. నేను లేచేలోపలే ఆయన బకెట్టు తెచ్చినాడు. ముందు గడ్డం తుడిచినాడు, తర్వాత నేల. కుట్లు కదలకుండా వీపు కింద చెయ్యి పెట్టి దుప్పటి మార్చినాడు. "పెద్దోళ్లు, మీరు చేయకూడదు సామీ" అని మీ చిన్నతాత ఏడిస్తే, "నాకిచ్చిన డ్యూటీ ఇదే నాయనా, పడుకో" అన్నాడు. అంతే.

భక్తి నేను చానా చూసినా. పొర్లుదండాలు, ముడుపులు, కదిరి నరసింహసామి తేరు. వాటిని తక్కువ చేయను, నేనూ చేసినదాన్నే. కానీ ముక్కూ మొగం తెలియనోడి కక్కు ఎత్తేటప్పుడు మొగం చిట్లించకపోవడముందే, దానికి పైన ఏదీ లేదు నా లెక్కలో.

మీ తాత అదంతా గోడకానుకుని చూసినాడు. మరుసటేడు చెనక్కాయ పీకినాక మూట కట్టుకుని పుట్టపర్తికి పోయినాడు. ఆ మీదట ఏటా పోయినాడు. ఇంట్లో తాగిన చెంబు ఎత్తిపెట్టని మనిషి! ఒకసారి నేనూ పోయినా. మోకాళ్ల మీద కూర్చుని ఎవురో బెంగాలీ పిల్లోని మంచం కింద తుడుస్తాన్నాడు. నన్ను చూసి, "తడి నేల తొక్కొద్దు, అట్లే నిలబడు" అన్నాడు.