బండి నిలుపుటకు సెలవు

నాందేడు పాతపట్టణమున ఇల్లు మారదలచిన గృహస్థునకు మొదట కలుగు చింత సామానును గూర్చినది కాదు, ఆ సామానును ఎక్కించుకొనుటకు వచ్చు బండిని ఎక్కడ నిలుపవలెనన్నది. గోదావరి ఉత్తరపుటొడ్డున, గురుద్వారా చుట్టును నదీఘట్టముల దాపునను పెరిగిన ఇత్వారా, గాడీపురా, చౌఫాళా మున్నగు పేటల సందులు బండి యొకటి పోవుటకు వీలుగా ఏర్పడినవే గాని, నిలిచిన బండి ప్రక్కనుండి మరియొక బండి పోవుటకు వీలుగా ఏర్పడినవి కావు. బండి నిలిచెనా, దానితో వీధియు నిలుచును. ఈ నిలుపుదలకు ఎవరి సెలవు పొందవలెనన్న ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును గాని, దానికి ఈ ఊరిలో వేర్వేరు కాలములందు లభించిన సమాధానములను వరుసగా పరికించినచో, నిజాము రాజ్యపు పాలనాక్రమము, భాషాప్రయుక్త రాష్ట్రముల యేర్పాటు, పురపాలక సంఘముల ఆదాయమార్గములు, ఇవన్నియు ఆ సందులోనికే వచ్చి చేరుచున్నవి.

లండను నగరమున ఇల్లు మారువాడు తన గుమ్మము ముందటి పార్కింగు స్థలమును ఆ దినమునకు ఇతరులెవ్వరును వాడకుండ ప్రత్యేకింపుడని స్థానిక కౌన్సిలుకు ముందుగనే దరఖాస్తు పెట్టి రుసుము చెల్లించుచున్నాడు. జర్మనీ పట్టణములలో తాత్కాలిక నిషేధ ఫలకములను కొన్ని దినములు ముందుగా వీధిలో నిలిపి పొరుగువారిని హెచ్చరింతురు. మనకు అట్టి దరఖాస్తు పెట్టు వాడుక లేదు. లేకపోయినంత మాత్రమున సెలవే లేదని తలచుట పొరపాటు. మన సెలవు కాగితముపై కాక వేరొకచోట నుండుచు వచ్చినది.

1865లో దివాను మొదటి సాలార్ జంగు, రాజ్యమును జిల్లాలుగా విభజించు జిల్లాబందీ పద్ధతిని నెలకొల్పిన పిమ్మట, నాందేడు చేరియుండిన హైదరాబాదు రాజ్యమున జీతముపై పనిచేయు ఉద్యోగులును, వారితోపాటు బదిలీలును వెలసినవి. బదిలీయైన అధికారి తన మంచములు, పెట్టెలు, గుడారములు, వంటపాత్రలు మోయించుకొనుటకు బండిని బాడుగకు కుదుర్చుకొనుట అరుదు. పటేలు పట్వారీలు గ్రామస్థుల బండ్లను, ఎడ్లను, మనుష్యులను వెట్టికి పట్టి తెచ్చి ఒప్పగించుచుండిరి. ఆ బండి ఎవరి వాకిట ఎన్ని జాములు నిలిచినను అడుగువాడు లేడు. అడుగవలసినవాడే దానిని తోలుచుండెను. 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్ర జనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి నేతృత్వమున, వెట్టిచాకిరిని గూర్చియు వర్తక స్వాతంత్ర్యమును గూర్చియు చిన్నపొత్తములను ప్రకటించి ఊరూర పంచినదన్న సంగతి తెలంగాణ చరిత్ర నెరిగినవారికి కొత్తది గాదు. ఆ రెండు విషయములును బండినే ఆశ్రయించుకొని యుండుట గమనింపదగినది: వెట్టి బండి తోలించుకొనువాని జులుమును గూర్చినది, వర్తక స్వాతంత్ర్యము బండిలోని సరకుపై పడు చేతులను గూర్చినది.

సామాన్య సంసారి మార్గము వేరు. మోంఢా యను ధాన్యపు అంగడిలో ధాన్యము దించి ఉత్తగా తిరిగిపోవు బండి నొకదానిని బేరమాడుకొని, చీకటి విడకముందే సందులోనికి తెచ్చుకొనెడివాడు. ఎడ్లను విప్పి కొంత దూరమున కట్టివేసి, నొగలను పైకెత్తి బండిని గోడవారగా నిలిపినచో అది ఆక్రమించు స్థలము సగమునకు సగము తగ్గును; ఈ మెలకువ ఎరుగని బండివానిని పేటలోనికి రానిచ్చెడివారు కారు. అంతకు ముందటి సాయంకాలమే ఇంటి యిల్లాలు ఇరుగుపొరుగు గడపలకు పోయి, "అక్కా, రేపు పొద్దుగాల మీ వాకిట్ల బండి ఆపుకుంటం, జర ముగ్గు ఆగి వెయ్యుండ్రి" అని చెప్పి వచ్చెడిది. పొరుగింటివారు మరాఠీవారైనను మాట ఇదియే, భాష మారెడిది, అంతే. సెలవు పుట్టినది ఇక్కడ. ముగ్గు ఆలస్యము చేసికొనుట వినుటకు అల్పమే గాని, వేకువను వాకిలి కడిగి ముగ్గు పెట్టుకొను ఇల్లాలికి అది అల్పము గాదు. మరునాడు బండి కదలిన పిదప ఆ చోటును తానే ఊడ్చి నీళ్లు చల్లిపోవుట అడిగినవారి విధి.

తెలంగాణమునుండి వచ్చి నాందేడున స్థిరపడిన పద్మశాలీల కుటుంబములకు ఇల్లు మారుట మరింత కష్టసాధ్యము. నాందేడు పూర్వము సన్నని నేతకును తలపాగాలకును పేరుపొందిన ఊరు. తరువాత ఉస్మాన్‌షాహీ మిల్లు వెలసి నేతపనివారిని మరింతగా ఆకర్షించినది. చేతిమగ్గపు సాలె ఇల్లు మారుటయనగా గుంటమగ్గమును విప్పి, కొత్త ఇంటి నేలలో మరల గుంట త్రవ్వుకొనుట. ఎక్కించిన పడుగు నడుమ నుండగా మగ్గము కదల్చుట నూలునకు చేటు గనుక, పడుగు ముగియు దినమునకు ముహూర్తము కుదిరినచో సంతోషము. కుదరకున్నచో పంచాంగమునకును పడుగునకును మధ్య సంసారి నలుగవలసినదే. తెలుగువారికిని మరాఠీవారికిని చాంద్రమానము ఒక్కటే, మన ఉగాదియే వారి గుడీపాడ్వా. కావున ఆషాఢమునందును తక్కిన శూన్యమాసములందును ఇల్లు మారుటకు వెనుకాడుట ఇరువురికిని సమానము, తరువాతి మంచి దినములలో బండ్లకై ఎగబడుటయు సమానమే.

19వ శతాబ్దము ముగియుచుండగా హైదరాబాదు–గోదావరీ లోయ రైలుమార్గము నాందేడు మీదుగా మన్మాడు వరకు పడెను. అది మీటరుగేజి. బొంబాయి వైపు పోవు సామానును మన్మాడులో దించి బ్రాడుగేజి బండ్లలోనికి మార్చవలసి వచ్చెడిది. ఇల్లు మారువాని కలశములును కుండలును ఈ మార్పిడిలో ఎన్ని పగిలెనో ఏ రైల్వే నివేదికయు లెక్కింపలేదు. రైలుతోపాటు కరోడ్‌గిరి యను సుంకపు శాఖ తనిఖీయు స్టేషనుకు చేరెను. దేశములోపల దారిపొడవున వసూలగుచుండిన రాహ్‌దారీ సుంకములను సాలార్ జంగు తొలగించి యుండెను గాని, రాజ్యపు టెల్లల యొద్ద నూటికి 5 వంతున సుంకము మిగిలియుండెను. ఈ 5 అను సంఖ్య 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వర్తకపు టొడంబడికనాటిది. బీరారు నుండియో బొంబాయి నుండియో సంసారముతో వచ్చువాడు తన పెట్టెలు విప్పి, ఇవి వాడిన వస్తువులే గాని అమ్మకపు సరకులు కావని నమ్మించుకొనవలసి వచ్చెడిది. ప్రభుత్వము అడిగినదెల్ల బండిలో ఏమున్నదనియే. బండి ఎక్కడ నిలుచునని అది ఎన్నడును అడిగినది కాదు.

1948 సెప్టెంబరులో సైనికచర్యతో నిజాము పాలన ముగిసెను. కొన్ని యేండ్లకు కరోడ్‌గిరియు పోయెను. అటుపిమ్మట వచ్చిన 1956 నవంబరు 1 ఈ ఊరి సంసారములను మునుపెన్నడును లేనట్లు కదలించినది. నాందేడు జిల్లానుండి దేగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లును, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లును ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, మరాఠ్వాడా తక్కిన భాగముతో నాందేడు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. ఆదిలాబాదు జిల్లానుండి కిన్వట్ తాలూకాయు ఇస్లాపూర్ సర్కిలును ఇటు వచ్చెను. హైదరాబాదు ప్రభుత్వోద్యోగులు మూడు రాష్ట్రములకు పంచబడిరి. అంతవరకు ఒకే కచ్చేరిలో ఉర్దూ మిసిళ్లు వ్రాసుకొనుచు, ఒకే వాడలో పొరుగిండ్ల నుండిన తెలుగు గుమాస్తాకును మరాఠీ గుమాస్తాకును నడుమ రాష్ట్రపు టెల్ల పడినది. ఎల్ల గీయువారు సర్కిళ్లను లెక్కించిరే గాని బాడుగ బండ్లను లెక్కింపలేదు.

బొంబాయి రాష్ట్రమున చేరుటవలన నాందేడునకు క్రమముగా 1951 నాటి బొంబాయి పోలీసు చట్టము వర్తించెను. అందలి 102వ సెక్షను, ఇల్లు మారు ప్రతివాడును ఎరుగకయే దాని నీడన బ్రదుకుచున్నాడు గనుక, కొంత నిలిచి చూడదగినది. సరకు ఎక్కించుటకో దించుటకో వచ్చిన బండిని, ఆ పనికి అవసరమైన కాలమునకు మించి వీధిలో నిలిపి ఇతరులకు అడ్డు కలిగింపరాదని దాని సారాంశము. పెట్టెలను మూటలను వీధిలో తగని కాలము పడవేయుటయు నందే నిషేధింపబడినది. నిషేధమువలె కనబడు ఈ వాక్యము నిజమునకు అనుమతి. పని సాగుచున్నంతసేపు బండి నిలుచుటకు శాసనమే సెలవిచ్చినది, దరఖాస్తు అక్కరలేదు, రుసుము లేదు. కాని అవసరమైన కాలము ఎంత? శాసనకర్త గంటలు చెప్పలేదు, చెప్పకుండుటయే వివేకమని నా అభిప్రాయము. మూడవ అంతస్తునుండి ఇనుప బీరువా ఇరుకు మెట్లమీదుగా దిగుటకు పట్టు కాలమును ఏ గెజెట్టు నిర్ణయింపగలదు? హమాలీలు నలుగురున్న యెడల ఒక లెక్క, ఇద్దరున్న యెడల మరియొకటి. 1969లో మాథాడీ, హమాలీ కార్మికుల చట్టము వచ్చి మోత కూలీల పనికి ఒక క్రమమును కల్పించినను, సందులోని మెట్లను అది వెడల్పు చేయలేదు. కాబట్టి అవసరమైన కాలమును నిర్ణయించు అధికారము, శాసనము మౌనముగ నున్నచోట, మరల పొరుగువారి ఓర్పునకే సంక్రమించినది.

పురపాలకుల దృష్టి మాత్రము పాతదారినే పోయెను. కరోడ్‌గిరి పోయినను, ఊరిలోనికి వచ్చు సరకుపై పడు ఆక్ట్రాయి సుంకపు వసూలుకు ఊరి మొగల నాకాలు నిలిచినవి, వాటి ముందర లారీలు బారులు తీరినవి. 1997లో నాందేడు–వాఘాళా మహానగరపాలిక ఏర్పడిన పిమ్మటను ఆక్ట్రాయి కొంతకాలము సాగి, తరువాత దాని స్థానమున వచ్చిన స్థానిక సంస్థల పన్నును 2015 ఆగస్టు 1 నుండి అధికభాగము తొలగింపబడెను. దేగ్లూర్ నాకా అన్న పేరు నేడు ఒక పేటకు మిగిలినది. తెలవారకముందే కొత్త ఇంట పాలు పొంగింపవలసిన సంసారి, దేవుని పటమును పసుపుకుంకుమలను ఒడిలో పెట్టుకొని, నాకాయొద్ద రసీదుకై వేచియుండుట ఒక తరమువారికి అనుభవమే. అట్టకాగితపు పెట్టె విప్పని కొత్త పంకా యొకటి సామానులో కనబడెనా, వాదము పెరిగెడిది.

2008లో గురుగ్రంథ సాహెబునకు గురుపీఠము లభించిన త్రిశతాబ్ది ఉత్సవము నాందేడున జరిగెను. అందునకై జవహర్‌లాల్ నెహ్రూ పేరిట 2005లో ఆరంభమైన నగర నవీకరణ పథకపు ధనముతో రోడ్లు వెడల్పైనవి, గురుద్వారా పరిసరములు విప్పారినవి. దారికి అడ్డమైన ఇండ్లు దుకాణములు కూలినవి, అందలివారు ఊరి చివరి పేటలకు కదలిరి. బండికి చోటు కల్పించుటకై ఎందరో బండి కట్టవలసి వచ్చినదన్న మాట. 2005లోనే టాటా ఏస్ అను చిన్న వాహనము అంగడికి వచ్చెను. ఛోటాహాథీ అని జనము ముద్దుగ పిలుచు ఆ బండి, లారీ చొరలేని సందులలోనికి చొరగలిగినది గనుక, ఇల్లు మారు పద్ధతిని రోడ్ల వెడల్పుకంటె ఎక్కువగా మార్చినది అదియే యని చెప్పవచ్చును. ఒక లారీకి బదులు అది మూడు విడతలు తిరుగును, ప్రతి విడతయు కొంచెమే నిలుచును, ముగ్గు చెరుగక ముందే మరలిపోవును.

వెడల్పైన రోడ్డుకు వెడల్పైన నిబంధనలును తోడువచ్చినవి. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 115వ సెక్షనుచే ఏ ప్రాంతమున ఏ వాహనము తిరుగరాదో నిషేధించుటకును, 117వ సెక్షనుచే వాహనములు నిలుచు స్థలములను స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించుటకును ప్రభుత్వమునకు అధికారము కలదు. నగరములందు భారవాహనములకు పగటివేళ ప్రవేశము నిషేధించు ఉత్తర్వులు ఇట్టి అధికారమునుండియే పుట్టుచున్నవి. బ్రాహ్మీముహూర్తమున గృహప్రవేశము చేయించు పురోహితుడును, వేకువజామున మాత్రమే లారీని విడుచు ట్రాఫిక్ పోలీసును ఒకరినొకరు ఎరుగకయే ఏకాభిప్రాయమునకు వచ్చియున్నారు.

గోదావరికి దక్షిణమున ప్రభుత్వ సంస్థయైన సిడ్కో కట్టించిన కొత్త నాందేడులోను, తరోడా వైపు లేచిన అపార్టుమెంటులలోను ఈ కథ మరియొక రూపము దాల్చుచున్నది. 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘముల చట్టము క్రింద రిజిస్టరైన హౌసింగు సొసైటీలలో, సామాను దింపుటకు వచ్చిన టెంపో గేటు దాటవలెనన్నచో సెక్రటరీ సంతకము చేసిన చీటీ కావలెను. లిఫ్టు ఏ గంటలలో వాడవచ్చునో, టెంపో ఏ ప్రక్క నిలుపవలెనో ఆ చీటీయే చెప్పును. ప్రభుత్వము నూటయేబది యేండ్లపాటు అడుగని ప్రశ్నను అడుగుచున్నది ఇరువది కుటుంబముల సంఘము. అందును కావలివాని గదిలో. పాతపట్టణమున ఇప్పటికిని చీటీ లేదు. ముందునాటి సాయంకాలము వీధిలోని మోటారుసైకిళ్ల యజమానులను వెదకి చెప్పుట, ఎదుటి దుకాణదారును కలిసి తలుపు తెరువకముందే పని ముగింతుమని మాట ఇచ్చుట, రాత్రియే గుమ్మము ముందు రెండు స్టూళ్లు వేసి చోటు పట్టుట, ఇదియే అక్కడి విధానము.

ఒక్క విషయమున మాత్రము రెండు నాందేడులకును భేదము లేదు. హోళీకిని దసరాకును గురుద్వారానుండి నిహంగులను సిక్కు యోధులు గుఱ్ఱములతో, నిశానులతో హల్లాబోల్ ఊరేగింపు వెడలునప్పుడు అది పోవు దారులన్నియు మూతపడును. ఆ దినమునకు టెంపోను కుదుర్చుకొనవచ్చిన కొత్తవానికి టెంపోవాడే, బయానా తీసికొనకుండ, ఎల్లుండి రమ్మని చెప్పి పంపును.