నుమాయిష్ టికెట్ డబ్బులు ఎటు పోతాయి?

నుమాయిష్‌కి ఒక్కసారైనా వెళ్లని హైదరాబాదీ దొరకడం కష్టం. అజంతా గేట్ దగ్గర లైన్‌లో నిలబడి టికెట్ కొంటాం, మిర్చి బజ్జీ తింటాం, అమ్మ బేరమాడి బెడ్‌షీట్లు కొంటుంది, ఇంటికొచ్చేస్తాం. ఆ టికెట్ డబ్బులు ఎటు పోతాయని బీటెక్ అయ్యేదాకా నేను అడగనే లేదు.

కెన్యా గురించి చదువుతుంటే ఈ ప్రశ్న వచ్చింది. అక్కడ వంగారి మాతాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ మూవ్‌మెంట్ మొదలుపెట్టారు. పల్లెటూరి ఆడవాళ్లు మొక్కలు పెంచాలి, నాటిన మొక్క బతికితే చేతికి కొంచెం డబ్బు. ఆమెకి 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కానీ ఆ పనికి నార్వే వాళ్లు, ఐక్యరాజ్యసమితి మహిళా నిధి సాయం చేయాల్సి వచ్చింది. ఆఫ్రికాలో ఆడవాళ్ల కోసం పనిచేసే చాలా సంస్థల కష్టం ఇదే: డబ్బులిచ్చేవాళ్లు ఎక్కడో దూరంగా ఉంటారు. వాళ్లు ఆపేస్తే పని ఆగిపోతుంది.

మరి మన నాంపల్లిలో? డబ్బులిచ్చింది బజ్జీ తినడానికి వెళ్లిన మనమే.

కథ 1938లో మొదలైంది. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్న కొందరు కుర్రాళ్లు రాష్ట్రం ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేద్దామనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. అందుకని పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక వస్తువుల ఎగ్జిబిషన్ పెట్టారు. రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలైందని చెప్తారు. మన స్టార్టప్ వాళ్లు వింటున్నారా? 1946లో నుమాయిష్ ఇప్పుడున్న గ్రౌండ్‌కి మారింది. 1947, 48లో జరగలేదు. 1949లో మళ్లీ మొదలై ఆల్ ఇండియా ఇండస్ట్రియల్ ఎగ్జిబిషన్ అయ్యింది.

నడిపేది ఎగ్జిబిషన్ సొసైటీ. లాభం పంచుకునే కంపెనీ కాదు. స్టాళ్ల అద్దెలు, టికెట్ల మీద మిగిలింది చదువులకి పెడుతుంది. అలా వచ్చిన వాటిలో ఆడపిల్లల కాలేజీలు ఎన్ని ఉన్నాయో చూడండి. అదే గ్రౌండ్‌లో కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, దాని పక్కనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ. తార్నాకలో వనితా ఫార్మసీ కాలేజీ. సికింద్రాబాద్‌లో కస్తూర్బా గాంధీ మహిళా కాలేజీ.

"ఆడవాళ్లకి వేరే కాలేజీ ఎందుకు, అది వెనకబాటు కదా" అనేవాళ్లున్నారు. నేనూ అన్నాను. తర్వాత అర్థమైంది, కో-ఎడ్ అంటే గుమ్మం దాటనివ్వని ఇళ్లు ఇప్పటికీ ఈ ఊళ్లో ఉన్నాయి. ఆ ఇంటి పిల్లకి రెండు దారులే: ఇలాంటి కాలేజీ, లేదంటే పెళ్లి. పాలిటెక్నిక్‌లో గార్మెంట్ టెక్నాలజీయో ఫార్మసీయో చదివి జీతం తెచ్చుకుంటే ఇంట్లో ఆమె మాటకి విలువే వేరు. నుమాయిష్‌లో కూడా ఏటా ఒక లేడీస్ డే ఉంటుంది, ఆ రోజు మనలాంటి మగాళ్లకి గేట్ దగ్గరే సలాం.

ఇంత బాగుంటే భయం దేనికి? ఈ మోడల్‌కి ప్రాణమంతా ఆ నెలన్నరలోనే ఉంది. 2019 జనవరి 30 రాత్రి మంటలొచ్చి ఎన్నో స్టాళ్లు బూడిదయ్యాయి. 2021లో కోవిడ్ వల్ల నుమాయిష్ అసలు జరగలేదు. 2022లో జనవరి 1న తెరిచి, ఒమిక్రాన్ భయంతో వెంటనే మూసేశారు. ఫిబ్రవరి 25న మళ్లీ తెరిచారు. మనకి ఒక ఔటింగ్ పోయింది, అంతే. కాలేజీలకి మాత్రం రాబడి పోయింది. విదేశీ దాత మీద ఆధారపడలేదు సరే, కానీ ఒక్క సీజన్ మీద ఆధారపడటం కూడా రిస్కే. సొసైటీ దీనికి ఇంకో దారి వెతకాలని నా అభిప్రాయం.

ఈసారి గాంధీభవన్ మెట్రోలో దిగి లోపలికెళ్లినప్పుడు జెయింట్ వీల్ వైపు పరిగెత్తే ముందు ఆ కాలేజీల బోర్డులు ఒకసారి చూడండి. మీ ఇంట్లో అమ్మో పిన్నో అక్కడ చదివుంటే అడగండి, అప్పట్లో ఎలా ఉండేదో. కింద రాయండి, చదువుతాను.