వారసుడు లేని ఇల్లు: అనంతపురం మెట్టసీమలో సంతాన మార్గాల చరిత్ర

అనంతపురం మెట్టసీమలో ఏటా సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. సేద్యం ఎక్కువగా వానమీదే ఆధారపడిన ఈ నేలలో అదను రెండు మూడు రోజులే ఉంటుంది. ఆ రోజుల్లో దున్నడానికి, విత్తడానికి ఇంట్లో మనుషులు ఉండాలి. అందుకే ఇక్కడ బిడ్డలు లేకపోవడం దంపతుల దుఃఖంతో ఆగలేదు. కాడి పట్టేవాడు, పట్టా ఎక్కేవాడు, ముసలితనంలో చూసేవాడు ఎవరన్న మూడు ప్రశ్నలు దాంతోపాటే వచ్చేవి. వీటికి సమాజం వేర్వేరు కాలాల్లో వేర్వేరు దారులు వెతికింది.

అన్నిటికన్నా పాతది మొక్కు. రావి, వేప కలిసి పెరిగిన చోట జంటపాముల రాళ్లు ప్రతిష్ఠించడం, చెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేయడం, కొమ్మకు ఉయ్యాల గుడ్డ కట్టడం దక్షిణాది అంతటా ఉన్న ఆచారాలే. ఈ సీమకే ప్రత్యేకమైనది కదిరి ప్రాంతంలోని తిమ్మమ్మ మర్రిమాను. నాలుగున్నర ఎకరాలకు పైగా విస్తరించిన ఈ చెట్టు 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. భర్త చితిలో సహగమనం చేసిన తిమ్మమ్మ పేర దీని మొదట్లో చిన్న గుడి ఉంది. బిడ్డలు లేని దంపతులు అక్కడ మొక్కుకుంటే ఏడాది తిరిగేసరికి కడుపు పండుతుందని నమ్మకం. ఉపవాసాలు, ప్రదక్షిణలు ఎక్కువగా భార్య వంతు. లోపం మగవాడిలో ఉండవచ్చన్న ఆలోచనే అరుదు. గొడ్రాలు అన్న నిందకు మగవాడి పక్షాన సమానమైన మాట వాడుకలోకి రాకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

మొక్కు ఫలించకపోతే మగవాడు రెండో పెళ్లి చేసుకునేవాడు. చాలా ఇళ్లలో మొదటి భార్య చెల్లెలినే తెచ్చుకునేవారు. ఆస్తి, బంధుత్వం చెదరకుండా ఉండేందుకు అది ఏర్పాటు. ఈ దారిని మూసింది చట్టమే. మద్రాసు రాష్ట్రం 1949లో ద్విభార్యత్వ నిషేధ చట్టం తెచ్చింది. 1955 హిందూ వివాహ చట్టం ఆ నిషేధాన్ని దేశంలోని హిందువులకు వర్తింపజేసింది.

ఆడపిల్లలు ఉండి కొడుకు లేని ఇళ్ల సమస్య వేరు. బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో బోయ, మాదిగ వంటి కులాల్లో ఒక కూతురికి పెళ్లి చేయకుండా దేవుడి పేర బసివిగా వదిలేవారు. ఆమె పుట్టింట్లోనే ఉండి కొడుకులాగా ఆస్తికి వారసురాలయ్యేది, తల్లిదండ్రుల కర్మకాండ చేసేది. ఆమెకు పుట్టిన బిడ్డలు ఆమె తండ్రి వంశానికి చెందేవారు. దీక్షతో ఆడది మగవాడి హక్కులు పొందే ఈ పద్ధతిని 1890ల నాటికే ఫాసెట్ అనే అధికారి ప్రత్యేక వ్యాసంలో వివరించాడు. వంశం నిలిచింది గానీ, మూల్యం ఆ పిల్ల జీవితమే. పెళ్లి హక్కు పోయి, ఊరి మగవాళ్ల వాడకానికి లోబడిన బసివిలు పేదరికంలో మిగిలారు. ఆంధ్రప్రదేశ్ 1988లో ఇలాంటి దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

రెడ్డి, కమ్మ వంటి సేద్యపు కులాలది ఇంకో దారి. అది ఇల్లటం. కొడుకు లేని రైతు ఒక యువకుణ్ణి తెచ్చుకుని కూతురిని ఇచ్చి, తన ఇంట్లోనే ఉంచుకుని సేద్యం చూసుకోమనేవాడు. అందుకు ప్రతిఫలంగా కొడుకుతో సమానమైన వాటా ఇస్తానని పెద్దల ముందు ఒప్పుకునేవాడు. పత్రం రాయనక్కర్లేదు, హోమం చేయనక్కర్లేదు, పిండప్రదానంతోనూ సంబంధం లేదు. దత్తుడికి పుట్టింటి హక్కు పోతుంది. ఇల్లటపుటల్లుడికి అది పోదు. అయితే మామ బతికున్నంతకాలం ఆస్తి పంచమని అడిగే హక్కు అతనికి లేదు. ఆ తర్వాత మామకు కొడుకు పుట్టినా ఇల్లటం చెల్లేది, అల్లుడికి కొడుకుతో సమాన భాగం దక్కేది.

ఈ ఆచారం ఈ సీమలో పాతుకుపోవడానికి శిస్తు పద్ధతీ, కరవూ తోడ్పడ్డాయనుకోవచ్చు. 1800లో ఈ ప్రాంతం ఉన్న దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో అనంతపురంలో ఉండి పాలన నడిపాడు. ఆయన స్థిరపరచిన రైత్వారీలో ప్రతి పొలం ఒక్కొక్క రైతు పేరిట శిస్తుకు ఎక్కింది. ఆ పేరు ఎవరికి దిగుతుందన్నది అప్పటినుంచి కాగితంమీద తేలాల్సిన విషయమైంది. 1876–78 కరవు ఈ ప్రాంతంలో పెద్దఎత్తున ప్రాణాలు తీసింది. పొలానికి మనుషులు కరువైనచోట పనిచేసే అల్లుడి విలువ పెరిగింది. బళ్లారి నుంచి వేరు చేసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసింది 1882లో. దాదాపు అదే కాలంలో ఇల్లటం తగాదాలు మద్రాసు హైకోర్టుకు చేరాయి. శాస్త్రంలో లేకపోయినా ఈ జిల్లాల్లో నిలిచిన ఆచారం కాబట్టి ఇల్లటపుటల్లుడు కొడుకు స్థానంలో ఉంటాడని కోర్టు అంగీకరించింది. థర్స్టన్, రంగాచారి 1909లో వెలువరించిన దక్షిణాది కులాల గ్రంథం కూడా దీన్ని నమోదు చేసింది.

తర్వాతి వంద ఏళ్లలో ఇల్లటం విలువ మెల్లగా తగ్గింది. 1973 భూపరిమితి చట్టం వచ్చాక, ఇల్లటపుటల్లుడిని కొడుకుగా లెక్కించి భూమి మినహాయించుకోవాలని కొందరు రైతులు వాదించారు. 1990ల మొదట్లో సుప్రీంకోర్టు ఇల్లటం దత్తత కాదని తేల్చింది. మామ బతికుండగా అల్లుడికి ఆస్తిలో హక్కు పుట్టదని చెప్పింది. ఇంకా బలంగా దెబ్బతీసింది 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర వారసత్వ సవరణ. అప్పటికి పెళ్లికాని కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు దక్కింది. కూతురే వారసురాలైనప్పుడు వాటా కోసం అల్లుణ్ణి కొడుకుగా మార్చాల్సిన పని లేదు.

దత్తత శాస్త్రబద్ధమైన దారి. పాత న్యాయంలో మగపిల్లవాడినే దత్తత తీసుకునేవారు, ఎక్కువగా దాయాదుల పిల్లవాడిని. 1956 దత్తత, మనోవర్తి చట్టం ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి వీలు కల్పించింది. భార్య సమ్మతి లేనిదే భర్త దత్తత చేసుకోలేడంది. ఆ తర్వాత అనాథ శిశువుల దత్తత వేరే చట్టం కిందికి, కేంద్ర దత్తత సంస్థ పర్యవేక్షణలోకి వచ్చింది. 2021 సవరణతో దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టు నుంచి జిల్లా మేజిస్ట్రేటుకు మారింది.

ఇక ఆస్పత్రి మార్గం. 1978 జులైలో ఇంగ్లండులో తొలి పరీక్షనాళిక శిశువు పుట్టింది. అదే ఏడాది అక్టోబరులో కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ్ రెండోది సాధించాడు. ప్రభుత్వ కమిటీ నమ్మలేదు, ఆయన 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1986 ఆగస్టులో బొంబాయిలో పుట్టిన హర్షను చాలాకాలం దేశపు తొలి శిశువుగా లెక్కించారు. ఈ చికిత్సలతోపాటు భర్త వీర్యాన్నీ పరీక్షించడం మామూలైంది, నింద ఒక్క భార్యకే పరిమితం కాకుండా పోయింది. అనంతపురంవారికి ఈ చికిత్సలకు చాలాకాలం బెంగళూరు, హైదరాబాదులే దిక్కయ్యాయి. పంట చేతికి రాని ఏళ్లలో అప్పుచేసి పట్నం పోయే తీరు కొత్త మొక్కులాంటిదే.

గర్భం మోయలేని స్త్రీకి అద్దెగర్భం దారి చూపింది. 2000ల్లో గుజరాత్‌లోని ఆనంద్ విదేశీయులకూ కేంద్రమైంది. 2005లో భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు ఇచ్చినా వాటికి చట్టబలం లేదు. 2008లో జపాన్ దంపతుల కోసం పుట్టిన మంజి అనే శిశువు, వాళ్లు విడాకులు తీసుకోవడంతో ఎవరి బిడ్డ అన్న వివాదంలో చిక్కుకుంది. 2015లో విదేశీయులకు అద్దెగర్భాన్ని కేంద్రం నిలిపేసింది. 2022 జనవరి 25 నుంచి సరొగసీ నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం గర్భం మోసే స్త్రీకి పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, 25–35 ఏళ్ల వయసు ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. వైద్యఖర్చు, 36 నెలల బీమా తప్ప డబ్బు ఇవ్వకూడదు. వ్యాపారంగా చేస్తే పదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. దంపతుల్లో భార్య వయసు 23–50, భర్తది 26–55 మధ్య ఉండాలి.

ఈ దారుల్లో చాలావాటిలో బిడ్డ లేని ఇల్లు మరో ఇంటి మనిషి శ్రమనో, శరీరాన్నో ఆశ్రయించింది. అల్లుడి చేతుల పనికి కోర్టులు వాటా కట్టాయి. స్త్రీ గర్భపు పనికి కూలీ కట్టరాదని కొత్త చట్టం అంటోంది. పేదరాలి దోపిడీని ఆపాలన్న ఉద్దేశం సరైనదే. కానీ తొమ్మిది నెలలు మోసి, కని, బిడ్డను అప్పగించే పనికి ప్రతిఫలమే లేదనడం న్యాయమా అన్న ప్రశ్నకు ఆ చట్టంలో జవాబు లేదు.