నేరం జరిగిన చోటికి: బెటీ లవెట్ 2007 ఆల్బమ్

2007 సెప్టెంబరులో బెటీ లవెట్ కొత్త ఆల్బమ్ వెలువడినప్పుడు ఆమెకు 61 ఏళ్ళు. ఆల్బమ్ పేరు ‘ది సీన్ ఆఫ్ ది క్రైమ్’, అంటే నేరం జరిగిన చోటు. పేరు వినగానే అపరాధ పరిశోధక నవల గుర్తుకు రావచ్చు. కాని ఇక్కడి నేరానికి ఒక ఊరు, ఒక ఏడాది ఉన్నాయి: అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్, 1972.

లవెట్ 1946లో మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్‌లో పుట్టి డెట్రాయిట్‌లో పెరిగింది. మస్కీగన్‌లో ఆమె తల్లిదండ్రులు ఇంట్లోనే మొక్కజొన్న సారా అమ్మేవారు. ముందుగదిలో జ్యూక్‌బాక్స్ ఉండేది. సోల్ గాయకుల్లో చాలామంది చర్చి బృందగానంలో గొంతు తీర్చుకున్నవారే. లవెట్ చదువు మాత్రం ఆ జ్యూక్‌బాక్స్ దగ్గర సాగింది. 1962లో, 16 ఏళ్ళకే, అట్లాంటిక్ సంస్థ విడుదల చేసిన ఆమె తొలి సింగిల్ రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి పదింటిలోకి చేరింది. అప్పటికింకా పేరు రాని ఓటిస్ రెడింగ్‌తో కలిసి ఊరూరా తిరిగి పాడింది. 1965లో ‘లెట్ మి డౌన్ ఈజీ’ వచ్చింది. ఆ తరువాత ఒక లేబుల్ నుంచి మరొక లేబుల్‌కు మారుతూ సింగిల్స్ పాడుతూ పోయింది. పూర్తి ఆల్బమ్ మాత్రం ఒక్కటీ రాలేదు.

1972లో అట్లాంటిక్ అనుబంధ సంస్థ ఆట్కో ఆమెను ఆల్బమ్ రికార్డు చేయడానికి మజిల్ షోల్స్ పంపింది. టెనసీ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరి చుట్టుపక్కల అప్పటికే ఒక విచిత్రం జరుగుతూ ఉంది. జాతి వివక్ష చట్టాలు అప్పుడప్పుడే తొలగుతున్న అలబామాలో, స్థానిక తెల్లజాతి వాద్యకారులు నల్లజాతి గాయకులకు దేశంలోకెల్లా గాఢమైన సోల్ సంగీతాన్ని సమకూరుస్తున్నారు. రిక్ హాల్ నడిపే ఫేమ్ స్టూడియోలో విల్సన్ పికెట్ పాడాడు. 1967లో అరీథా ఫ్రాంక్లిన్ దశ తిరిగిన పాట పుట్టిందీ అక్కడే. 1969లో ఫేమ్ ఆస్థాన వాద్యబృందం రిక్ హాల్‌ను వదిలి, పక్కనే ఉన్న షెఫీల్డ్‌లో మజిల్ షోల్స్ సౌండ్ పేరుతో సొంత స్టూడియో పెట్టుకుంది. లవెట్ పాడింది ఆ రెండవ చోట. నిర్మాత బ్రాడ్ షపీరో. బేస్ గిటార్ డేవిడ్ హుడ్‌ది. ‘చైల్డ్ ఆఫ్ ది సెవెంటీస్’ అని పేరు కూడా పెట్టారు. అంతా సిద్ధమయ్యాక ఆట్కో ఆ ఆల్బమ్‌ను విడుదల చేయలేదు. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె పాడడం మానలేదు. ‘బబ్లింగ్ బ్రౌన్ షుగర్’ అనే సంగీత నాటకంతో కొన్నేళ్ళు ఊళ్ళు తిరిగింది. డెట్రాయిట్ క్లబ్బుల్లో పాడింది. తొలి ఆల్బమ్ 1982లో మోటౌన్ సంస్థ ద్వారా వచ్చేసరికి ఆమెకు 36 ఏళ్ళు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. 2000లో జీల్ పెటార్ అనే ఫ్రెంచి సేకర్త చొరవతో 1972 నాటి రికార్డింగులు ‘సువెనిర్స్’ పేరుతో ఫ్రాన్స్‌లో వెలువడ్డాయి. వాటికి తమ అసలు పేరు తిరిగి దక్కింది 2006లో, రైనో సంస్థ విడుదల చేసిన సంకలనంతో.

ఈ కథ చెప్పే విలేకరులు చాలామంది ఒక తేలిక దారి పడతారు: కష్టాలు ఆమె గొంతును పండించాయని, ఇన్నేళ్ళ నిరీక్షణ లేకపోతే ఇంతటి గానం సాధ్యమయ్యేది కాదని. వినడానికి బాగానే ఉంటుంది. ‘సువెనిర్స్’ విన్నవారికి మాత్రం ఆ వాదన నిలవదు. 26 ఏళ్ళ గొంతులోనే పదాన్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ మింగాలో తెలిసిన నేర్పు అంతా ఉంది. కాలం దానికి గరుకుదనాన్ని చేర్చింది, నిజమే. బదులుగా 30, 40 ఏళ్ళ వయసుల్లో ఆమె పాడగలిగి ఉండిన ఆల్బములను తీసుకుపోయింది. ఆ లెక్క చూడకుండా నిరీక్షణను పొగడడం, పొలం లాక్కున్నవాడిని వదిలేసి రైతు ఓర్పును మెచ్చుకోవడం లాంటిది.

2007 ఆల్బమ్‌ను ఫేమ్‌లో రికార్డు చేశారు. అంటే ఊరు అదే, గది వేరు. తోడు వాయించినది డ్రైవ్-బై ట్రక్కర్స్ అనే దక్షిణాది రాక్ బృందం. దాని నాయకుల్లో ఒకడైన పాటర్సన్ హుడ్ డేవిడ్ హుడ్ కుమారుడు. 1972లో అతనికి 8 ఏళ్ళు. డేవిడ్ హుడ్ కూడా వచ్చి వాయించాడు. అరీథా పాటకు ఎలక్ట్రిక్ పియానో వాయించిన స్పూనర్ ఓల్డమ్ మళ్ళీ మెట్ల ముందు కూర్చున్నాడు. రాక్ బృందం ధ్వని కొన్నిచోట్ల కాస్త మొరటుగానే ఉంటుంది. నాకు అది లోపంగా తోచలేదు, ఈ గొంతుకు నున్నటి నేపథ్యం నప్పదు కనుక.

లవెట్ ప్రధానంగా పాటలు రాసే మనిషి కాదు. ఇతరుల పాటను తీసుకుని తన అనుభవంలోకి ఒంపుకుంటుంది. ఈ ఆల్బమ్‌లో విల్లీ నెల్సన్ పాట ఉంది, జార్జ్ జోన్స్ పాడిన కంట్రీ పాట ఉంది, ఎల్టన్ జాన్ 1970లో పాడిన ‘టాకింగ్ ఓల్డ్ సోల్జర్స్’ ఉంది. చివరిది మద్యశాలలో కూర్చున్న ముసలి సైనికుడు పోయిన నేస్తాలను తలుచుకునే పాట. మన సంగీతం మాటల్లో చెప్పాలంటే, ఆమె ఇక్కడ సంగతులు దాదాపు వేయదు. గొంతును చాలాసేపు మాటకు దగ్గరగా ఉంచుతుంది. యుద్ధం ప్రసక్తి క్రమంగా వెనక్కి జరిగి, డెట్రాయిట్‌లో తనతో మొదలుపెట్టి పేరు రాకుండానే కనుమరుగైనవాళ్ళ జాబితాగా పాట మారిపోతుంది. ఆల్బమ్‌కు గుండెకాయ ఇదే.

ఆమె పేరు రచయితగా కనబడే పాట ‘బిఫోర్ ది మనీ కేమ్’, పాటర్సన్ హుడ్‌తో కలిసి రాసినది. తన బతుకు కథను అందులో ఫిర్యాదులా కాక, వాయిదాల మీద వాయిదాలు పడిన దావాలో చివరికి సాక్ష్యం చెప్పే అవకాశం వచ్చిన మనిషిలా వినిపిస్తుంది. హాస్యమూ ఉంది, ఎత్తిపొడుపూ ఉంది.

ఈ ఆల్బమ్ 2008 గ్రామీ అవార్డులకు ‘సమకాలీన బ్లూస్’ విభాగంలో ప్రతిపాదితమైంది. సోల్ గాయని, రాక్ బృందం, కంట్రీ పాటలు. పెట్టిన అర మాత్రం బ్లూస్‌ది. బహుమతి ఎరిక్ క్లాప్టన్, జె.జె. కేల్ జంటకు వెళ్ళింది. ఆ ఏడాది డిసెంబరులో కెనెడీ సెంటర్ సత్కార సభలో ‘ది హూ’ బృందం సభ్యుల ఎదుట లవెట్ వారి పాటే పాడింది. మరుసటి నెల లింకన్ స్మారకం మెట్ల మీద, ఒబామా ప్రమాణస్వీకార వేడుకల కచేరీలో, శామ్ కుక్ పాటకు జాన్ బాన్ జోవీతో గొంతు కలిపింది. ఆ నెలలోనే ఆమెకు 63 నిండాయి, పుట్టినరోజు జనవరి 29న, కచేరీ అయిన పదకొండు రోజులకు.