ఉప్పల్ రోడ్డుకు ముందే చేరిన కబురు

డిసెంబరు 26 దగ్గరపడుతోంది. 2004 సునామీ అనగానే అందరికీ నాగపట్నం, మంగినపూడి గుర్తుకొస్తాయి. నాకు మాత్రం సముద్రానికి ఇంత దూరాన, హైదరాబాద్‌లో అటు నాచారం, ఇటు ఉప్పల్ ఉన్నచోట, మెట్రో స్టేషన్‌కు పేరిచ్చిన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) గుర్తొస్తుంది. 1961లో పుట్టిన ఈ సంస్థ భూకంపమాపక కేంద్రాన్ని ప్రపంచ శాస్త్రవేత్తలు 'హెచ్‌వైబీ' అంటారు.

మన తీరం పాతచరిత్రలో సునామీల జాడ తక్కువ. 1864లో బందరును ముంచినవీ, 1977లో దివిసీమను ఊడ్చేసినవీ తుపాను ఉప్పెనలే. 1881లో నికోబార్ భూకంపం, 1883లో క్రకటోవా అగ్నిపర్వతం లేపిన అలలు బంగాళాఖాతం రేవుల్లోని నీటిమట్టం యంత్రాల మీద గీతలుగా మిగిలాయంతే. తుపానును ఆకాశం చూసి పసిగట్టే మన జాలరిపల్లెలకు అప్పటిదాకా సునామీ అన్న మాటే తెలియదు.

2004 డిసెంబరు 26 ఆదివారం, మార్గశిర పౌర్ణమి. ఉదయం 6.29 ప్రాంతంలో సుమత్రా పడమటి తీరాన కడలి అడుగు కదిలింది. అక్కడ భారత ఫలకం పక్క ఫలకం కిందికి దూరుతూ ఉంటుంది. రెండూ బిగుసుకుపోయి, పైది ఏళ్ల తరబడి వంగుతూ వచ్చింది. వంచిపట్టిన వెదురుబద్దను వదిలేసినట్టు ఆ పొద్దున ఎగదన్నింది. తీవ్రత 9.1. పన్నెండు వందల కిలోమీటర్లకు పైగా పగులు సాగింది. నేలతోపాటు పైనున్న నీరూ లేచింది.

భూమిలోంచి వచ్చిన తొలి ప్రకంపన దాదాపు 5 నిమిషాల్లో ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐ కేంద్రానికి చేరింది. అల ఇంకా నడిసంద్రంలోనే ఉంది. గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగం, పడవలో ఉన్నవాడికి కూడా తెలియనంత తక్కువ ఎత్తు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ వేగం మందగించి, వెనక నీళ్లు వచ్చి పడి గోడలా లేచింది. చెన్నైని తాకేసరికి దాదాపు 9 అయింది. అంటే రెండు గంటలకు పైగా వ్యవధి! పసిఫిక్‌కు 1949 నుంచీ హెచ్చరిక కేంద్రం ఉంది. మన సముద్రానికి లేదు. మంగినపూడిలో పున్నమి స్నానాలకు దిగినవాళ్లకు కేకేసి చెప్పే దిక్కు లేకపోయింది. ఒక్క ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా, నాగపట్నం జిల్లాలో ఆరువేల మందికి పైగా పోయారు. ఆ రెండు గంటలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

తర్వాతి కథ త్వరగా నడిచింది. ఎన్‌జీఆర్‌ఐ మాజీ డైరెక్టర్ హర్ష్ గుప్తా అప్పుడు కేంద్ర సముద్ర అభివృద్ధి శాఖ కార్యదర్శి. హెచ్చరిక వ్యవస్థకు ఆయన హయాంలోనే పునాది పడింది. 2007 అక్టోబరులో నగరం రెండో కొసన, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం)లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూమి కంపిస్తే 8 నిమిషాల్లో తొలి సందేశం వెళ్లింది. ఫలకాలు పక్కకు జారాయి గనుక పెద్ద అల లేవలేదు.

అయితే యంత్రం చెప్పడం వేరు, పల్లె పరుగెత్తడం వేరు. ఒడిశాలో వెంకటరాయపూర్, నోలియాసాహి ఊళ్లు సునామీకి సిద్ధమైనవిగా 2020లో యునెస్కో గుర్తింపు పొందాయి. అలాంటి కసరత్తు మన ప్రతి తీరగ్రామంలోనూ జరగాలి.

హైదరాబాద్ నుంచి బీచికి వెళ్లేవాళ్లకూ ఒక మాట. నేల అదిరినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా చూస్తూ నిలబడకండి, మెరకకు పరుగెత్తండి. మొదటి అల కంటే తర్వాతివి పెద్దవి కావచ్చు. అధికారులు చెప్పేదాకా వెనక్కి రాకండి.