బిలాస్‌పూర్ క్వార్టర్లలో కానుగ నూనె

1902లో వాల్తేరు వైపు లైను బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తయింది. ఆ లైన్ల వెంట మా ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో రైలు ఉద్యోగాలు వెతుక్కుంటూ బిలాస్‌పూర్ చేరాయి. మా తాత లోకో షెడ్డులో ఫిట్టరు. కిరసనాయిలు, గ్రీజు, బొగ్గు మసి పట్టి చేతులు పగిలేవి, రాత్రంతా దురద, రసి. దానికి మామ్మ మందు కానుగ నూనె. ఆ చెట్టు ఇక్కడా విరివిగా ఉంది.

మామ్మ ఎవరికీ ఎకాయెకి పూసేది కాదు. మోచేతి మడతలో చుక్క రాసి, "రేపొద్దున్న సూపించు బాబూ" అనేది. కందితే, "నీకు పడదు, డాక్టరు గారి కాడికెల్లు" అని పంపేసేది. 1895లో జర్మన్ వైద్యుడు యోసెఫ్ యాడాసోన్ లోకానికి చూపిన ప్యాచ్ పరీక్ష దారి కూడా ఇదే. ఆమె బడి మెట్లెక్కలేదు. ఆ జాగ్రత్తంటే నాకు గౌరవం.

కానీ ఆ చుక్క చెప్పేది నూనె పడుతుందా లేదా అన్నంతవరకే. జబ్బు తగ్గించిందా? తాత సెలవు పెట్టి ఊరెళితే చేతులు మానేవి. అప్పుడు గ్రీజు తగిలేది కాదు, నూనె సీసా మాత్రం సంచీలో ఉండేది. పేరు నూనెకే వచ్చింది.

శాస్త్రం వైపు చూస్తే, 1940లలో వాల్తేరులో టి.ఆర్. శేషాద్రి, ఎస్. రంగస్వామి కానుగ గింజల రసాయనాలను పరిశోధించారు. వేప సంగతికొస్తే, 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిడిన్ అనే పదార్థం తీశారు. అది ఎలుకల పాదాల వాపు తగ్గిస్తుందని 1981లో పిళ్లై, శాంతకుమారి చూపారు. తర్వాత తమిళనాడులో 814 మందికి వేపాకు, పసుపు ముద్ద రాస్తే 97 శాతం మందికి నయమైందన్నారు. అయితే అది పురుగు వల్ల వచ్చే గజ్జి, తాత చేతులకు వచ్చినలాంటి ఎగ్జిమా కాదు. పైగా పోల్చి చూడటానికి ఆ ముద్ద రాయని మరో జట్టు లేదు. మనం మాత్రం దురద పెట్టే ప్రతి జబ్బునీ ఒకే గాటన కట్టేస్తాం.

ఇప్పటికీ ఆ నూనె వాడే ఇళ్లకు నా మనవి: ముందు మామ్మలా చుక్క వేసి చూడండి. రసి కారే చోట, పసిపిల్లల ఒంటికి రాయకండి, చర్మవైద్యుడికి చూపించండి. వేపనూనె పిల్లలకు ఎంతమాత్రం తాగించకండి. అలా తాగించిన పసివాళ్లకు ప్రాణాపాయం కలిగిందని మలేషియా వైద్యులు 1981లోనే రాశారు.